ఏ చాకు నిలుస్తుంది?

అడవిని నమ్ముకుని బతికే మాకు కత్తి కొత్త కాదు. వెదురు చీల్చడానికి ఒకటి, జీలుగు గీయడానికి ఒకటి, కోతకు కొడవలి, వేటకూర కొట్టడానికి ఇంకొకటి. ఇవన్నీ ఊరి కమ్మరి కొలిమిలో పుట్టినవే. మడత చాకు మాత్రం మాకు సంతలోనే పరిచయం. దువ్వెనలు, అద్దాలు, టార్చిలైట్లు పరిచిన పట్టా మీద ఒక మూలన అదీ ఉంటుంది. కొంటాం, మామిడికాయ కోస్తాం, పిల్లల పెన్సిళ్లు చెక్కుతాం. ఏడాది తిరిగేసరికి చీల వదులై అలుగు ఊగిసలాడుతుంది. పారేసి మరొకటి కొంటాం. దాన్ని దాచుకోవాలని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఇదే వస్తువును కొన్ని దేశాల్లో నూనెగుడ్డలో చుట్టి, అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టుకునే వాళ్లున్నారు. ఒక్కసారి కూడా సాన పట్టని పాత చాకుకు, రోజూ వాడి అరిగిపోయిన అదే రకం చాకుకు మధ్య ధరలో ఎంతో తేడా ఉంటుంది. అక్కడ చాకుకు పుట్టిన ఏడు ఉంది, ఇంటిపేరు ఉంది, వంశవృక్షం కూడా ఉంది. సేకర్తలు తరచూ ఒక ప్రశ్న మీద వాదులాడుకుంటారు: ఇవాళ అంగట్లో దొరుకుతున్న చాకుల్లో ఏవి ఇంకో యాభై ఏళ్లకు క్లాసిక్ అనిపించుకుంటాయి?

ఆదివాసీ రచయితల పుస్తకంలో ఈ ముచ్చట ఎందుకని అడగవచ్చు. పనిముట్టు ఎప్పుడు విలువైన వస్తువు అవుతుందో, ఆ విలువ ఎవరు కడతారో తెలుసుకోవడం మనకే ఎక్కువ అవసరమని మా అభిప్రాయం. మన ఇళ్లలోని ఎన్నో వస్తువులకు మన చేయి దాటి వెళ్లాకే ధర పలికింది. చాకు చరిత్ర చిన్నదే అయినా ఈ సంగతిని బాగా విప్పి చూపిస్తుంది.

ముందుగా ఫ్రాన్సులోని సవాయ్ కొండ ప్రాంతానికి వెళ్దాం. ఆల్ప్స్ కొండల్లో పశువులు మేపుకుంటూ, కట్టెలు కొట్టుకుంటూ బతికే పల్లెలవి. అక్కడ ఒపినెల్ అనే కుటుంబం గొడ్డళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసి అమ్ముకునేది. మన కమ్మరి ఇంటి లాంటి ఇల్లే అనుకోండి. ఆ ఇంటి కుర్రవాడు జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక మడత చాకు చేశాడు. చెక్కపిడి, అందులోకి మడిచే అలుగు, ఒక చీల, పిడి చివర ఒక లోహపు పట్టీ. అంతకుమించి ఏమీ లేదు. 1897 నాటికి చాకును 1 నుంచి 12 వరకు సైజుల వారీగా చేయడం మొదలుపెట్టాడు. తర్వాత 1, 11 సైజులు మానేశారు. 8వ నంబరు మాత్రం పెద్దవాళ్ల చేతికి సరిగ్గా సరిపోయి ఇంటింటికీ చేరింది. ఆ చాకు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు.

1909లో జోసెఫ్ తన గుర్తును నమోదు చేయించాడు. కిరీటం కింద దీవిస్తున్న చేయి ఆ గుర్తు. చేయి పక్కనున్న సెయింట్ జాన్ ద మోరియెన్ పట్టణపు చిహ్నంలోనిది, కిరీటం సవాయ్ సంస్థానానిది. అంటే చాకు మీద తన ఊరి నేలను ముద్రించుకున్నాడన్నమాట. 1955లో మార్సెల్ ఒపినెల్ పిడి చివర తిరిగే ఒక ఉక్కు కట్టు అమర్చాడు. చాకు తెరిచి ఆ కట్టును కొంచెం తిప్పితే అలుగు మడతపడి వేళ్లు కోయదు. మొదటి చాకుకూ ఇవాళ్టి చాకుకూ పెద్ద తేడా ఇదొక్కటే. 1985లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రపంచంలోని వంద అందమైన వస్తువుల్లో ఈ చాకును చేర్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఒపినెల్ చాకు ఎవరూ దాచుకోవడానికి చేసింది కాదు. రొట్టె, జున్ను కోసుకోవడానికి, తీగలు కత్తిరించడానికి కూలీలు, రైతులు కొన్నది. అది పేదవాడి చాకుగా తొంభై ఏళ్లకు పైగా గడిపిన తర్వాతే మ్యూజియం కంట పడింది. ఇప్పటికీ అది చవకైనదే. అందుకే కొత్త ఒపినెల్ కొని పెట్టెలో పెట్టుకుంటే మనవడికి సొమ్ము చేస్తుందని అనుకోవడం వట్టి మాట. 1955కు ముందటి, కట్టు లేని ఒపినెల్ దొరికితే అది వేరే సంగతి. చెక్కపిడి చిట్లకుండా, అలుగు అరగకుండా అన్నేళ్లు మిగిలినవి తక్కువ. ఎక్కువగా వాడిన వస్తువే అరుదైపోతుంది. ఇది కొంత వింతగా ఉన్నా సేకర్తల లోకంలో మొదటి సూత్రం ఇదే.

రెండో కథ స్విట్జర్లాండుది. అది చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్ అనే ఊళ్లో కత్తుల దుకాణం పెట్టాడు. స్విస్ సైన్యం అప్పట్లో తన సైనికులకు మడత చాకులు కొనాలనుకుంది. మొదటి విడత జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చింది. మన సైనికుడి చాకు మనవాళ్లే ఎందుకు చేయకూడదని ఎల్సెనర్ పట్టుబట్టి, 1891లో సైన్యానికి అందించడం మొదలుపెట్టాడు. 1897లో ఆఫీసర్ చాకు నమోదు చేయించాడు. స్ప్రింగు రెండు వైపులా పనిముట్లు అమర్చిన ఆ చాకే నేటి ఎర్ర చాకులన్నింటికీ తల్లి. 1909లో తల్లి విక్టోరియా చనిపోతే ఆమె పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకం మొదలయ్యాక, ఆ ఉక్కుకు ఫ్రెంచిలో వాడే పొట్టిపేరు ఇనాక్స్‌ను దానికి కలిపి విక్టోరినాక్స్ చేశారు. స్విస్ ఆర్మీ నైఫ్ అన్న పేరు మాత్రం వాళ్లు పెట్టుకున్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ పేరు నోరు తిరగని అమెరికా సైనికులు పెట్టింది. వస్తువుకు ఎవరు పేరు పెడితే అది లోకంలో నిలుస్తుందనడానికి ఇదొక గుర్తు. మన ఊళ్ల పేర్లు, మన కులాల పేర్లు రెవెన్యూ కాగితాల్లో ఎలా మారిపోయాయో తలచుకుంటే ఇది వింతగా అనిపించదు.

పంతుళ్లుగా మాకు అన్నిటికన్నా దగ్గరగా తోచిన చాకు జపాన్‌ది. దాని పేరు హిగోనోకామి. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయిలు నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. కత్తులు చేసే కొలుముల్లో పని పడిపోయింది. ఆ కాలం గడిచాక, 1890లలో మికీ అనే కమ్మరుల పట్టణంలో ఈ మడత చాకు పుట్టింది. ఇత్తడి రేకునో ఇనుప రేకునో మడిచిన పిడి, ఒక్క అలుగు, అలుగు వెనక చిన్న తోక. ఆ తోకను బొటనవేలితో నొక్కితే చాకు తెరుచుకుంటుంది. అలుగును నిలిపేది ఆ బొటనవేలే. లాకు లేదు, స్ప్రింగు లేదు. చవకైనది, ఎవరైనా బాగుచేసుకోగలిగినది.

బడిపిల్లల జేబుల్లో అది పెన్సిలు చెక్కే చాకుగా తిరిగింది. 1960లో ఒక రాజకీయ నాయకుణ్ణి సభావేదిక మీదే కత్తితో పొడిచి చంపారు. ఆ హత్యకు వాడింది ఈ చాకు కానే కాదు, పొట్టి ఖడ్గం. అయినా పిల్లల చేతుల్లో చాకులు ఉండకూడదన్న ఉద్యమం దేశమంతా లేచింది. బడుల్లోకి పెన్సిలు చెక్కే మరలు వచ్చాయి. కమ్మరులు ఒక్కొక్కరే మానుకున్నారు. నేడు ఆ పేరు ముద్రవేసి చేసే ఇల్లు ఒక్కటే మిగిలింది, నగావో కుటుంబానిది. అందువల్ల ఒకప్పుడు మిఠాయి అంగట్లో చిల్లర పైసలకు దొరికినది ఇప్పుడు దూరదేశాల సేకర్తలు వెతికి కొనే వస్తువైంది. మాకు మాత్రం ఇందులో ధర కన్నా ఇంకో సంగతి ముఖ్యం. చాకుతో పెన్సిలు చెక్కిన పిల్లవాడికి కర్ర ఏ వైపు చీలుతుందో, పదును ఎంత ఒత్తిడికి లొంగుతుందో చెప్పనక్కరలేదు. మా గూడేల పిల్లలకు ఆ విద్య ఇంకా ఉంది. శిక్షణ కాలేజీలో మాకు చేతిపనుల పాఠం కాగితం మడతలతో నేర్పారు. చాకు ఊసు అక్కడ ఎవరూ ఎత్తలేదు.

ఇక అమెరికా. సేకరణ అనే పనిని ఒక శాస్త్రంలా చేసింది అక్కడివాళ్లే. దానికి ఎక్కువగా ఊతమిచ్చింది కేస్ అనే కంపెనీ. అలుగు పిడిలోకి దూరే మొదట్లో వేసే ముద్రను బట్టి అది ఏ కాలపుదో చెప్పేస్తారు. 1965కు ముందు కేస్ పేరు పక్కన రెండు ఎక్స్ గుర్తులు మాత్రమే ఉండేవి. 1965 నుంచి 1969 వరకు వాటి కింద యూఎస్ఏ అని చేర్చారు. 1970లో దాని కింద పది చుక్కలు పెట్టారు. 1971లో తొమ్మిది, ఆ తర్వాతి ఏడు ఎనిమిది, అలా ఏటా ఒక చుక్క తీసేస్తూ 1979కి ఒక్క చుక్క మిగిలింది. ఇంత చిన్న సంగతి వల్ల చాకు తనంతట తానే వయసు చెప్పడం నేర్చింది. అలుగు మొదట్లో వేసే అంకెలకూ అర్థం ఉంది. 6254 అంటే మొదటి 6 చెక్కిన ఎముక పిడిని, 2 రెండు అలుగులను, 54 ఆ చాకు నమూనాను చెబుతాయి. మన భూముల సర్వే నంబరు కన్నా తేలిగ్గా చదవవచ్చు.

చుక్కలు లెక్కపెట్టగలిగిన చోట పోటీ పుడుతుంది. నా దగ్గర ఏడు చుక్కలది ఉంది, నీ దగ్గర ఉందా అంటారు. ముద్ర లేని చాకు ఎంత మంచిదైనా ఈ ఆటలోకి రాదు.

అమెరికాలోనే 1964లో బక్ కంపెనీ 110 నంబరు చాకు తెచ్చింది. ఆ ఇంటి పెద్ద హోయ్ట్ బక్ కమ్మరి పని నేర్చుకున్నవాడు, అరిగిపోయిన ఆకురాళ్లను సాగగొట్టి కత్తులు చేసినవాడు. ఆకురాయి ఉక్కు ఎంత గట్టిదో మన కమ్మరులకు తెలుసు, వాళ్లూ అదే చేస్తారు. హోయ్ట్ కొడుకు ఆల్ బక్ కాలంలో 110 వచ్చింది. అంతకుముందు వేటగాళ్లు మడతలేని కత్తినే నమ్మేవాళ్లు, మడత చాకు బరువు పనికి ఆగదని భయం. 110 వీపు మీద ఉక్కు కడ్డీ లాకు పెట్టి, రెండు చివర్లా ఇత్తడి దిమ్మెలు పోసి, ఆ భయం పోగొట్టారు. కోటీ యాభై లక్షలకు పైగా అమ్ముడైందని చెబుతారు. అంతకన్నా పెద్ద సాక్ష్యం మరొకటుంది. దాన్ని చూసి అచ్చుదింపని దేశం లేదు. మన పట్నాల ఫుట్‌పాత్‌ల మీద ఇత్తడి చివర్ల మడత చాకు కనిపిస్తే, అమ్మేవాడికి బక్ పేరు తెలియకపోయినా, అది 110కి నకలే. 1986 నుంచి బక్ కూడా అలుగు మీద ఏటికొక గుర్తు వేస్తోంది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు తేలతాయి. నిలిచిన చాకు ప్రతిదీ ఏదో ఒక పని కొత్త రకంగా చేసింది, లేకపోతే పాత పనిని అతి తక్కువ భాగాలతో చేసింది. దాన్ని మామూలు జనం వాడారు. ఇతరులు నకలు కొట్టారు. దాని మీద చేసినవాడి గుర్తు ఉంది. ఈ కొలతతోనే నేటి చాకులను చూద్దాం.

1981లో కొలరాడో రాష్ట్రంలోని స్పైడర్కో కంపెనీ వర్కర్ అనే చాకు తెచ్చింది. దాన్ని రూపొందించిన సాల్ గ్లెసర్ అలుగులో ఒక గుండ్రటి రంధ్రం పెట్టాడు. పిడికి ఒక క్లిప్పు బిగించాడు. రంధ్రంలో బొటనవేలు ఆనించి తోస్తే ఒక్క చేత్తోనే చాకు తెరుచుకుంటుంది. రెండో చేత్తో కొమ్మనో తాడునో పట్టుకున్నవాడికి దీని విలువ తెలుస్తుంది. క్లిప్పు వల్ల చాకు జేబు అడుగున తాళంచెవుల మధ్య పడిపోకుండా జేబు అంచునే నిలుస్తుంది. ఈనాటి జేబు చాకుల్లో క్లిప్పు లేనిది వెతుక్కోవాలి. ఒక్క చాకు ఇన్ని చాకుల రూపు మార్చింది కాబట్టి తొలినాటి వర్కర్ క్లాసిక్ అవునా కాదా అన్న వాదనే అనవసరం. అదే కంపెనీ 1990లో తెచ్చిన డెలికా, ఎండురా ఇప్పటికీ వస్తున్నాయి. దశాబ్దాలుగా మానకుండా చేస్తున్న చాకుకు మొదటి విడత ముక్కలే విలువైనవి. కాబట్టి ఇవాళ కొనేవాడికి అవి వాడుకోవడానికి మంచివి, దాచడానికి కాదు.

1998లో బెంచ్‌మేడ్ కంపెనీ 710 నంబరు చాకులో కొత్త లాకు పెట్టింది. పిడికి అడ్డంగా ఒక చిన్న కడ్డీ, దాన్ని వెనక్కి లాగితే అలుగు వదులవుతుంది. కుడిచేతివాటం, ఎడమచేతివాటం అన్న భేదం లేదు. వేళ్లు అలుగు దారిలోకి రావు. పేటెంటు గడువు తీరగానే ఎన్నో కంపెనీలు అదే పద్ధతి ఎత్తుకున్నాయి. ఇదీ బక్ 110 నడిచిన దారే. మమ్మల్ని ఒక్కటి ఎంచమంటే తొలి ఏళ్ల 710ని ఎంచుతాం. దాని ప్రాముఖ్యం తెలిసినవాళ్లు ఎక్కువ, చెక్కుచెదరకుండా దాచినవాళ్లు తక్కువ.

అంగట్లో అందరికన్నా ఎక్కువగా పొగిడేది వేరే చాకును. దక్షిణాఫ్రికాలో పుట్టిన క్రిస్ రీవ్ 1989లో అమెరికాలోని ఐడహోకు వలసపోయి, 1990ల మొదట్లో సెబెంజా అనే చాకు బయటికి తెచ్చాడు. టైటానియం పిడిలోనే ఒక ముక్కను చీల్చి, అదే లాకుగా పనిచేసేలా మలిచాడు. విడిగా స్ప్రింగు అక్కరలేదు. ఈ పద్ధతినీ లోకమంతా నకలు కొట్టింది. ఎస్ 30 వి అనే చాకు ఉక్కు 2001లో వచ్చినప్పుడు దాని తయారీలో అతని సలహాలున్నాయి. ధర నాలుగైదు వందల డాలర్ల పైమాటే. మేము ఒక్క జీతంలో కొనేది కాదు. ప్రతి సెబెంజాతోపాటు అది తయారైన తేదీ రాసిన చీటీ ఒకటి ఇస్తారు. దాన్ని సేకర్తలు చాకు పుట్టినరోజు చీటీ అంటారు. మా తరంలో చాలామందికి పుట్టిన తేదీ అంటూ లేదు. బడిలో చేర్చినరోజు పంతులుగారు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేస్తే అదే ఆధార్ కార్డు దాకా వచ్చింది. చాకుకు ఉన్న భాగ్యం మనుషులకు లేకపోయింది.

సెబెంజా అన్న మాట జులూ భాషది. పని అని అర్థం. పని చేసే జులూ మనిషి కొనలేని చాకుకు ఆ మనిషి భాషలో పని అని పేరు. ఇందులో ద్వేషం ఏమీ లేదు, రీవ్ తాను పుట్టిన నేలను తలచుకునే పెట్టి ఉంటాడు. అయినా ఈ పేరు దగ్గర మేము కాసేపు ఆగక తప్పదు. ఎందుకంటే చాకుల చరిత్రలో మనలాంటి జనం పేర్లు ఇంకా ఉన్నాయి.

1902లో జర్మనీలో ఒకాపి అనే చాకు పుట్టింది. ఆఫ్రికాలోని తమ వలస రాజ్యాల్లో అమ్ముకోవడానికి చేసిన చవక సరుకది. ఒకాపి కాంగో అడవుల్లోని జంతువు. అడవి జనం తరతరాలుగా ఎరిగిన ఆ జంతువును 1901లో యూరప్ శాస్త్రవేత్తలు కొత్తగా కనుగొన్నామని చాటారు. మరుసటి ఏడే అది చాకు పేరైంది. 1988 నుంచి దాన్ని దక్షిణాఫ్రికాలోనే చేస్తున్నారు. వంగిన చెక్కపిడి, తెరిచేటప్పుడు పళ్లచక్రంలా టకటకమని మోగే లాకు. ఇప్పటికీ అది కూలివాడి చాకే.

1929లో ఫ్రాన్సులో కత్తుల పట్టణమైన తియేర్‌లో డూక్‌డూక్ పుట్టింది. కోనియె అనే ఇంటివాళ్లు చేశారు. రేకు మడిచిన పిడి మీద ఆకుల గుబురులాంటి ఒళ్లు, మొనదేలిన ముసుగు ఉన్న ఒక ఆకారం ఉంటుంది. అది పాపువా న్యూగినీలోని న్యూబ్రిటన్ దీవిలో తోలాయ్ జనం కొలువులో ఆడే దేవర. పసిఫిక్ దీవుల్లో అమ్ముకోవాలని వాళ్ల దేవర బొమ్మే వేశారు. తర్వాత అది అల్జీరియాలో ఇంటింటికీ చేరింది, అక్కడి స్వాతంత్ర్య పోరాటంలో ఆయుధంగానూ మారింది. నేడు సేకర్తలు డూక్‌డూక్‌ను ముద్దుగా చూస్తారు. చేసిన కంపెనీ చరిత్ర అందరికీ తెలుసు. ఆ దేవర ఎవరిదో చెప్పమంటే తడుముకుంటారు. మన కొలుపుల్లోని దేవరను ఎవరో అగ్గిపెట్టె మీద అచ్చువేస్తే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

ఏవి నిలవవో కూడా చెప్పాలి. సేకర్తల కోసమే చేసే చాకులుంటాయి. ఫలానా సంబరానికి ఇన్ని వేలే చేశామని బంగారు అక్షరాలు చెక్కి, గాజు పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లందరూ జాగ్రత్తగా దాచుకుంటారు కాబట్టి యాభై ఏళ్ల తర్వాత కూడా అన్నీ మిగిలే ఉంటాయి. అరుదు కానిదానికి ధర ఎక్కడిది? కొత్త కొత్త ఉక్కు పేర్లను నమ్ముకోవడమూ అంతే. ఈ ఏటి గొప్ప ఉక్కును వచ్చే ఏటి ఉక్కు మింగేస్తుంది. నీటి అలల్లాంటి గీతలున్న డమాస్కస్ చాకుల మీద మోజు కూడా ఎక్కువే. ఈనాటి డమాస్కస్ అంటే రెండు మూడు రకాల ఉక్కు పలకలను పొరలుగా అతికి సాగగొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినది. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. దాని పుట్టుక మన వైపే ఉంది.

దాన్ని ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే వాళ్ల నోట్లో అలా మారిందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. ఇనుమును, ఆకులనో కర్రముక్కలనో మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లారనిచ్చేవారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ పనికి పేరుమోసింది. అక్కడి ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు వచ్చి ఉండేవారని, ఆ ఊరిని చూసిన హెన్రీ వాయ్సీ రాసిపెట్టాడు. ఆ రాత 1832లో అచ్చయింది. నిర్మల్ వైపు కొండల ముడి ఇనుము ఆ పనిలో కలిసేది. ఆ కొండలు గోండుల, కోలాముల కొండలు.

చాకు కథకు దీనితో నేరుగా సంబంధం ఉంది. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఈ ఉక్కు ముద్దలను లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ దాని గురించి రాసిన వ్యాసంలో, స్టోడార్ట్ అనే కత్తుల కమ్మరి ఆ ఉక్కుతో కలం చాకు చేసి పరీక్షించిన సంగతి ఉంది. కలం చాకు అంటే ఈక కలాల మొన చెక్కుకునే చిన్న చాకు. జేబు చాకుకు పెద్దమ్మ లాంటిది. స్టోడార్ట్ ఆ తర్వాత తన దుకాణం చీటీ మీదే ఈ ఉక్కు యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా మిన్న అని అచ్చువేసుకున్నాడు. మైకేల్ ఫారడే దానితో కలిసి ఏళ్లపాటు ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు. వాళ్ల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మూస పెట్టినవాడి పేరు, తిత్తి ఊదినవాడి పేరు ఎక్కడా లేవు.

మన దేశపు మడత చాకు అంటే ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకు గుర్తొస్తుంది. పాత హిందీ సినిమాల్లో రౌడీ చేతిలో టకామని తెరుచుకునేది అదే. సినిమా దాన్ని పేరుమోసేలా చేసి, అదే పేరుతో పాడు కూడా చేసింది. పోలీసు కట్టుబాట్లు వచ్చాక అలుగు పొట్టిదైంది, పనివాళ్లు తగ్గిపోయారు. 2023లో రాంపూర్‌లో ఒక కూడలిలో ఆరు మీటర్ల చాకు బొమ్మ నిలబెట్టి దానికి చాకూ చౌక్ అని పేరు పెట్టారు. పనివాళ్లు తగ్గాక బొమ్మ పెరిగింది. అయినా పాత రాంపూర్ చాకుల్లో చేసినవాడి ముద్ర ఉన్నది దొరికితే దాచుకోమనే మేము చెబుతాం. మన దేశంలో హిగోనోకామి కథకు దగ్గరగా నడుస్తున్నది అదే.

మా ఊళ్ల కత్తుల మీద ముద్ర లేదు. అవసరం పడలేదు కాబట్టి లేదు. గూడెంలో ఎవరి కత్తి ఎవరు చేశారో అందరికీ తెలుసు, అలుగు వంపు చూసే చెబుతారు. ఆ కత్తి గూడెం దాటి మ్యూజియం గోడకు చేరితే దాని కింద చీటీ మీద చాలా చోట్ల గిరిజన కత్తి అని ఉంటుంది, అంతే. ఊరు ఉండదు, ఏడు ఉండదు, చేతి పేరు ఉండదు. ఒపినెల్ తండ్రికీ మా కమ్మరికీ పనిలో తేడా ఏమీ లేదు. తేడా అంతా ఆ చిన్న ముద్ర దగ్గర, దాన్ని రాసిపెట్టుకున్న పుస్తకం దగ్గర ఉంది.

అందుకే మా బడుల్లో పరిసరాల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో ఉన్న ప్రతి కత్తినీ నోటుపుస్తకం మీద పెట్టి చుట్టూ గీత గీయాలి. దాన్ని మన భాషలో ఏమంటారు, ఏ పనికి వాడతారు, ఎవరు చేశారు, ఏ ఏడు చేశారు, పిడి ఏ చెట్టుది అని అడిగి రాయాలి. ఏడు తెలియకపోతే ఏ వరద వచ్చినప్పుడు, ఎవరి పెళ్లప్పుడు అని రాస్తే చాలు. కొలిమి ఇంకా నడుస్తున్న ఊళ్లలో కమ్మరి తాతను పిడి దగ్గర ఒక గుర్తు కొట్టమని అడుగుతున్నాం. ఒకాయన మూడు చుక్కలు కొడుతున్నాడు. మరొకాయన నవ్వి, నా కత్తికి గుర్తెందుకు, విరిగితే నా దగ్గరికే తెస్తారుగా అన్నాడు.

పాత చాకులు చేతికి చిక్కినవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. తుప్పును గరుకు కాగితంతో రుద్దకండి, ముద్ర చెరిగిపోతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది, కుట్టుమిషను నూనె మేలు. తోలు ఒరలో ఏళ్లతరబడి ఉంచితే తోలులోని పులుపు ఇత్తడిని పచ్చబరుస్తుంది, కాబట్టి ఒరను, చాకును విడిగా పెట్టండి. రంగురంగుల పాత సెల్యులాయిడ్ పిడి ఉన్న చాకును మిగతావాటి పక్కన పెట్టకూడదు, ఆ పిడి కుళ్లి వదిలే ఆవిరి పక్కనున్న ఉక్కును తినేస్తుంది. సాన పట్టాలనిపిస్తే పట్టి వాడుకోండి, వాడే చాకుకు అందులో తప్పులేదు. దాచే చాకును మాత్రం సాన దగ్గరికి తీసుకుపోవద్దు.